నల్లగొండలో ‘ది పంక్ సిండ్రోమ్’ ప్రదర్శన ఏర్పాటు చేసే విధానం

మేధో వైకల్యం ఉన్న నలుగురు ఫిన్లాండ్ సంగీతకారుల పంక్ (హోరెత్తించే, తిరుగుబాటు ధోరణి గల రాక్ సంగీతం) బృందంపై 2012లో వచ్చిన ఈ డాక్యుమెంటరీని నల్లగొండలోనో మిర్యాలగూడలోనో అటువంటి పిల్లలున్న పది కుటుంబాలకు చూపదలచినవారు, ముందుగా హక్కుదారుల నుంచి రాతపూర్వక అనుమతి పొందాలి.

అసలు కష్టం భాష దగ్గర వస్తుంది. మాటలు ఫిన్నిష్‌లో ఉంటాయి. తెర కింద పరుగెత్తే ఇంగ్లీషు అక్షరాలు చాలామంది తల్లులకు అందవు. కాబట్టి చిత్రాన్ని రెండుసార్లు చూసి, సంభాషణలను మన వాడుక మాటల్లో రాసుకొని, ఒకరు మైకులో నెమ్మదిగా చదవాలి. ఆ సంగీతకారులు తిట్టుకునే చోట ఆ తిట్టును మెత్తబరచవద్దు. వారిని జాలిపడవలసిన అమాయకులుగా కాక కోపతాపాలున్న మనుషులుగా చూపడమే ఈ చిత్రంలో నాకు అన్నిటికంటే విలువైనది.

కొందరు పిల్లలు పెద్ద శబ్దానికి చెవులు మూసుకొని వణికిపోతారు. అందువల్ల ధ్వనిని సగానికి తగ్గించి, వెనుక ఒక దీపం వెలిగించి, పక్క గదిలో చాప, మంచినీళ్ల బిందె ఉంచాలి. ఎవరైనా మధ్యలో లేచి తిరిగితే ఆపకూడదు.

ఈ బృందమే 2015లో వియన్నాలో జరిగిన యూరోవిజన్ అనే ఐరోపా దేశాల పాటల పోటీలో ఫిన్లాండ్ తరఫున ఒకటిన్నర నిమిషాల పాట పాడిందని చివర్లో చెప్పాలి. ఉపన్యాసాలు వద్దు. అప్పటికే ఆరుబయట గడ్డిమంట మీద కాచి, వేలితో కొడితే ఖంగుమనేలా చర్మం బిగిసిన రెండు డప్పులను తెచ్చి, పుల్లలను పిల్లల చేతికివ్వాలి.