డిజిటల్ రేడియో కొనే ముందు గాలిలో ఏముందో చూసుకోండి

డిజిటల్ రేడియో అంటే ఒకే పద్ధతి కాదు. ఐరోపాలో, ఆస్ట్రేలియాలో డీఏబీ, దాని తర్వాతి రూపం డీఏబీ ప్లస్. అమెరికాలో హెచ్‌డీ రేడియో. మన ఆకాశవాణి మీడియం వేవ్‌లో వాడుతున్నది డీఆర్‌ఎం. ఒకదాని కోసం చేసిన సెట్టు ఇంకోదాన్ని పట్టదు. లండన్ నుంచి తెచ్చిన డీఏబీ సెట్టు హైదరాబాద్‌లో మామూలు ఎఫ్‌ఎం రేడియోగానే మిగిలిపోతుంది. అమెరికా సెట్టుతో ఇంకో చిక్కు ఉంది. అక్కడి ఏఎం (మీడియం వేవ్) మీట 10 కిలోహెర్ట్జ్ చొప్పున జరుగుతుంది, మనకు 9 చొప్పున జరగాలి. హైదరాబాద్ కేంద్రం 738లో, విజయవాడ 837లో ఉన్నాయి, 10 చొప్పున జరిగే సెట్టు ఈ రెండింటి మీదా సరిగ్గా నిలబడదు. సెట్టింగుల్లో 9కి మార్చే వీలుందో లేదో ముందే అడగండి.

కొనే ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి: మీ ఊళ్లో డిజిటల్ సిగ్నల్ వస్తోందా, దాని వెనక చట్టంగానీ గడువుగానీ ఉందా, అందుబాటు ధరలో సెట్టు దొరుకుతోందా. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా డబ్బు పెట్టకపోవడమే మంచిది.

ఇలా జాగ్రత్త పడమనడానికి మన దేశంలో జరిగిందే కారణం. ఆకాశవాణి ముప్పైకి పైగా మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను డీఆర్‌ఎంకు సిద్ధం చేసింది. సెట్లు అమ్మేవాళ్ల మీద మాత్రం ఏ నిబంధనా పెట్టలేదు. కొనేవాడు లేడని తయారీదారు చెయ్యలేదు, సెట్టు లేదని శ్రోత అడగలేదు. బజారుకొచ్చిన కొద్దిపాటి ఇంటి సెట్ల ధర పది వేలు దాటింది. ఆ డబ్బుకు మంచి ఫోనే వస్తుంది, అందులో ఆకాశవాణి యాప్ ఉచితం. డీఆర్‌ఎం లక్షల మందికి చేరింది కార్లలోనే, ఎందుకంటే అక్కడ రేడియో బండితోపాటే వస్తుంది, కొనేవాడు విడిగా డబ్బు కట్టడు.

బ్రిటన్‌లో బీబీసీ 1995లోనే డీఏబీ ప్రసారాలు మొదలుపెట్టినా, జనం కొన్నది 2002 ప్రాంతంలో వంద పౌండ్ల లోపు సెట్టు వచ్చాక, డిజిటల్‌లో మాత్రమే వినిపించే స్టేషన్లు మొదలయ్యాక. 2018లో అక్కడ రేడియో వినేదాంట్లో డిజిటల్ వాటా సగం దాటింది, అయినా ప్రభుత్వం ఎఫ్‌ఎంను ఆపలేదు. నార్వే ముందే గడువు పెట్టి, 2017లో జాతీయ స్టేషన్ల ఎఫ్‌ఎం ప్రసారాలను ప్రాంతాలవారీగా ఆపేసింది. సెట్లు అమ్ముడుపోయాయి, శ్రోతలు మాత్రం తగ్గారు. ఐరోపా సమాఖ్య ఇంకో తలుపు తట్టింది: 2020 డిసెంబరు 21 నుంచి అమ్మే కొత్త కార్లలో రేడియో ఉంటే అది డిజిటల్ ప్రసారాన్ని కూడా పట్టాలి. ఈ మూడింటిలో మూడోదే తెలివైన పని. శ్రోత చేతిలోదేదీ లాక్కోకుండానే సెట్ల సంఖ్య పెరుగుతుంది.

ఇక వార్తను ఎలా చదవాలో చూద్దాం. 2025 అక్టోబరులో టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రైవేటు ఎఫ్‌ఎం కోసం డిజిటల్ రేడియో సిఫారసులు ఇచ్చింది. నాలుగు మహానగరాలు, హైదరాబాద్‌తో కలిపి తొమ్మిది ఇతర నగరాలు, దేశమంతటికీ ఒకే టెక్నాలజీ, అనలాగ్‌తో (అంటే ఇప్పటి మామూలు ప్రసారంతో) పాటే డిజిటల్. అనలాగ్ ఆపే తేదీని తర్వాత నిర్ణయించాలంది. ఇది సిఫారసు మాత్రమే. టెక్నాలజీ పేరు ప్రభుత్వ ఉత్తర్వులో కనపడేదాకా ఎఫ్‌ఎం కోసం డిజిటల్ సెట్టు కొనడం జూదమే. దుకాణదారు "రేపు ఇదే వస్తుందండీ" అంటే నవ్వి ఊరుకోండి.

మీడియం వేవ్ సిగ్నల్ ఉందో లేదో పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు. మామూలు ఏఎం జేబు రేడియో తీసుకుని మీ కేంద్రం మీద పెట్టండి. డిజిటల్ దాని పక్కనే వస్తుంది కాబట్టి, తర్వాత ఒక మెట్టు (9 కిలోహెర్ట్జ్) పైకి, అంటే 738 అయితే 747కు జరపండి. మాటలు తగ్గి, ఒకే తీరుగా గట్టి బుస వినిపిస్తే అది డీఆర్‌ఎం కావచ్చు. కింది మెట్టు కూడా చూడండి. ఇప్పుడు రేడియోను నిలువు ఇరుసు మీద నెమ్మదిగా తిప్పండి. కేంద్రం గొంతు తగ్గే దిక్కులోనే బుస కూడా తగ్గితే అది ట్రాన్స్‌మిటర్‌ది. అలా కాకపోతే అది మీ ఇంట్లోని ఇన్వర్టర్‌దో, ఎల్‌ఈడీ బల్బుదో, ఫోన్ చార్జర్‌దో.

కంప్యూటర్ తెలిసినవాళ్లు కంప్యూటర్‌కు తగిలిస్తే రేడియోలా పనిచేసే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్‌తో, డీఆర్‌ఎంను విప్పే ఉచిత సాఫ్ట్‌వేర్ డ్రీమ్‌తో వినే ప్రయత్నం చేయొచ్చు. వీ4 రకం డాంగిల్ మీడియం వేవ్‌ను నేరుగా పడుతుంది, వీ3లో డైరెక్ట్ శాంప్లింగ్ క్యూ శాఖను ఎంచుకోవాలి, చౌక టీవీ డాంగిళ్లు ఇంత కిందికి దిగవు. డాంగిల్‌ను నడిపే రేడియో సాఫ్ట్‌వేర్ తెరమీద డీఆర్‌ఎం సుమారు 10 కిలోహెర్ట్జ్ వెడల్పున, పైన చదునుగా, గోడలా కనిపిస్తుంది. అందులో అప్పర్ సైడ్‌బ్యాండ్ అనే మోడ్ ఎంచుకుని, ఆ గోడ మధ్యకు 6 కిలోహెర్ట్జ్ కింద ట్యూన్ చేసి, ఫిల్టర్‌ను 12 కిలోహెర్ట్జ్‌కు తెరవండి. శబ్దం తగ్గించే ఫిల్టర్లన్నీ ఆపేయండి, అవి సిగ్నల్‌నే చెరుపుతాయి. ఒక ప్రోగ్రాం శబ్దాన్ని ఇంకోదానికి చేర్చే వర్చువల్ ఆడియో కేబుల్ ద్వారా, 48,000 హెర్ట్జ్ శాంప్లింగ్‌తో డ్రీమ్‌కు పంపండి.

డ్రీమ్‌లోని దీపాలే రోగం చెబుతాయి. టైమ్ సింక్ కూడా పచ్చగా మారకపోతే ట్యూనింగ్ తప్పు, లేదా సిగ్నలే లేదు. ఎఫ్‌ఏసీ (ప్రసారం వివరాలు) పచ్చగా ఉండి ఎంఎస్‌సీ (అసలు కార్యక్రమం) ఎర్రగా ఉంటే సిగ్నల్ బలం చాలలేదు: ఏరియల్‌ను కిటికీ బయటకు తీయండి, ల్యాప్‌టాప్ చార్జర్ ఊడదీసి బ్యాటరీ మీద నడపండి. అన్నీ పచ్చగా ఉండి మాట రాకపోతే శబ్దాన్ని విప్పే ఆడియో కోడెక్ లేదు. ఎక్స్‌హెచ్‌ఈ-ఏఏసీ అనే కోడెక్‌ను విప్పగలిగే డ్రీమ్ కూర్పు వేసుకోవాలి.

అనలాగ్ బలహీనపడితే గరగరల మధ్య అయినా మాట అర్థమవుతుంది. డిజిటల్ ఒక హద్దు దాటాక ఒక్కసారిగా మూగబోతుంది, మళ్లీ పట్టుకోవడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది. పైగా రెండూ కలిపి పంపేటప్పుడు డిజిటల్‌కు దక్కే పవర్ తక్కువ, అందుకే 738 బాగా వినబడే ఊళ్లో కూడా పక్కనున్న డిజిటల్ రాకపోవచ్చు. రాత్రిపూట దూరపు కేంద్రాలు మీదపడి ఇంకా చెడగొడతాయి. కారులో అయితే డాష్‌క్యామ్, యూఎస్‌బీ చార్జర్ తీసేసి ఒకసారి చూడండి. తేడా వెంటనే తెలుస్తుంది.

ఇంతా చూశాక సెట్టు కొంటుంటే, నచ్చకపోతే వెనక్కి తీసుకునే షరతు బిల్లు మీద రాయించుకోండి. పగలు ఒకసారి, రాత్రి తొమ్మిది తర్వాత ఇంకోసారి, ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు ఒకసారి వినండి.