మేధో వైకల్యం ఉన్నవాళ్లకు నిద్ర పట్టకపోతే: ముందు నోట్‌బుక్కు, తర్వాతే మాత్ర

మేధో వైకల్యం ఉన్నవాళ్లు రాత్రి రెండింటికి లేచి ఇల్లంతా తిరుగుతుంటే చాలా ఇళ్లలో మొండితనం కింద లెక్కేస్తారు. పన్ను నొప్పో, మలబద్ధకమో, ఛాతీలో మంటో నోటితో చెప్పలేని మనిషికి లేచి తిరగడమే చెప్పడం.

అందుకే రెండు వారాలు రాయండి. మంచమెక్కిన టైము, నిద్ర పట్టిన టైము, ఎన్నిసార్లు లేచారు, పగలు ఎంత కునుకు, సాయంత్రం చాయ తాగారా, దొడ్డికి వెళ్లారా, ఏ మందు ఎన్నింటికి వేశారు. గురక మధ్యలో ఊపిరి ఆగినట్టున్నా, ఒళ్లు బిగుసుకున్నా ఫోన్‌లో వీడియో తీయండి. పుట్టుకతో వచ్చే డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో ఇలా నిద్రలో ఊపిరి ఆగడం, అంటే స్లీప్ ఆప్నియా ఎక్కువ, థైరాయిడ్ తక్కువ కావడమూ ఎక్కువే. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఏళ్లపాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దవాళ్లయితే కీళ్ల నొప్పులు కూడా చూపించాలి.

పాలమూరు పల్లెల్లో ఇంకో అలవాటుంది: గ్లాసు కల్లు పోస్తే పడుకుంటాడని. వద్దు. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజెపాం అనే మత్తు మందులు కలుపుతారని ఈ జిల్లాలో తెలియనిదెవరికి? ఆ మత్తుకు గొంతు కండరాలు వదులై ఊపిరి ఇంకా ఎక్కువ ఆగుతుంది. ఇప్పటికే రోజూ తాగుతున్న మనిషికి ఒక్కసారిగా ఆపినా ఫిట్స్ రావచ్చు కాబట్టి డాక్టరుకు చెప్పే మాన్పించాలి. వేసుకుంటున్న ఫిట్స్ మందు మాత్రం నిద్ర కోసమని సొంతంగా ఆపొద్దు.

ముందు కుదరాల్సింది లేచే టైము. రోజూ ఆరున్నరకు లేపి కాసేపు వెలుతురులో కూర్చోబెట్టండి. పగటి కునుకు అరగంట, మూడు దాటాక అదీ వద్దు. నాలుగు తర్వాత చాయ బంద్. స్నానం, పళ్లు తోమడం, ఒంటికి వెళ్లడం, మంచం: వాళ్లవే నాలుగు ఫొటోలు తీసి వరుసగా గోడకు అంటించండి. పదకొండింటికి గానీ నిద్ర పట్టని మనిషిని ఎనిమిదింటికే పడుకోబెడితే మూడు గంటలు పెనుగులాటే. పదకొండుకే పడుకోబెట్టి, వారం సాఫీగా గడిచాక పావుగంట చొప్పున ఇంకా తొందరగా పడుకోబెడుతూ రండి.

అమ్మ పక్కన లేనిదే పడుకోనివాళ్లకు మంచం పక్కన కుర్చీ వేసి అమ్మ అందులో కూర్చోవాలి. మూడు రాత్రులకోసారి అడుగు చొప్పున దాన్ని గడప వైపు జరపండి. లేచొస్తే మాట్లాడకుండా చేయిపట్టి తీసుకెళ్లి పడుకోబెట్టడమే. మొదట్లో గొడవ పెరుగుతుంది. ఐదో రాత్రి నానమ్మ జాలిపడి ఫోన్ ఇచ్చిందా, ఇంకాస్త గట్టిగా ఏడిస్తే ఫోన్ వస్తుందని నేర్పినట్టే. ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి, వీధిలో పెళ్లి డీజేలు మోగే రోజుల్లో అసలే వద్దు.

ఎండాకాలం డాబా మీదికి మారితే చాప, దుప్పటి, పడుకునే పక్క అవే ఉంచండి. పిట్టగోడ లేని డాబా అయితే పైకి తీసుకెళ్లొద్దు.

నిద్ర హార్మోన్ మాత్ర మెలటోనిన్ కొందరికి పనిచేస్తుంది, మోతాదు మాత్రం డాక్టరే చెప్పాలి. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. ప్రవర్తన, శిక్షణ విషయాలకు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984 నుంచీ ఉన్న జాతీయ సంస్థ, ఎన్‌ఐఈపీఐడీ ఉంది. ఎక్కడికెళ్లినా నోట్‌బుక్కు, వీడియో, వాడుతున్న మందుల అట్టలు సంచిలో ఉండాలి.