కృత్తిక, రోహిణి కార్తెలలో పెరటి పూలమొక్కలకు, ఆకుమొక్కలకు తీసుకోవలసిన జాగ్రత్తలు

గోదావరి డెల్టాలో మల్లె విరగబూసే కాలమూ, కాలువలు కట్టేసే కాలమూ ఒకటే. కృత్తిక కార్తె ప్రవేశించే మే రెండో వారం నుంచి మృగశిర ప్రవేశించే జూన్ 8 వరకు ఉండే నాలుగు వారాలలోనే నూరువరహాలు గుత్తులు కడతాయి, కాగితపు పూల తీగ ఆకు కనబడకుండా పూస్తుంది, నెలల తరబడి మట్టిలో నిద్రపోయిన ఫుట్‌బాల్ లిల్లీ దుంప ఎర్రని పువ్వును పైకి పంపుతుంది. మొక్కలు హఠాత్తుగా ఎండిపోయేదీ ఆ నాలుగు వారాలలోనే. ఆ నష్టాన్ని చాలామంది ఎండ ఖాతాలో వేస్తారు గాని, ఇక్కడి పెరళ్ళలో ఎండకన్నా నీరే ఎక్కువ మొక్కలను బలి తీసుకుంటుంది: కొన్నిచోట్ల అది ఉప్పునీరు కావడం వల్ల, కొన్నిచోట్ల అవసరానికి మించి పోయడం వల్ల, మరికొన్నిచోట్ల వేళ తప్పి పోయడం వల్ల. అందుచేత జాగ్రత్తలు నీటితోనే మొదలుపెట్టాలి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి డెల్టాలో పెరటి నుయ్యి సైతం కాలువను నమ్ముకునే బతుకుతోంది. కాలువ పారినన్నాళ్ళు నేలలోకి ఇంకే తీపినీరు నూతికీ, లోతు తక్కువ బోరుకూ ఊటగా అందుతుంది. మరమ్మతుల కోసం వేసవిలో కాలువలు కట్టేయగానే ఆ ఊట తగ్గి, సముద్రానికి దగ్గరగా ఉన్న రాజోలు, అమలాపురం, నరసాపురం వైపు ఊళ్ళలో అడుగునున్న ఉప్పు పైకి తోసుకువస్తుంది. నిన్నటి దాకా మొక్కలకు పడిన నూతి నీరే ఈ నెలలో పడకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. కాలువలు కట్టేసే తేదీ ముందుగానే తెలుస్తుంది కనుక, ఆలోపే ఇంట్లో ఉన్న తొట్లు, డ్రమ్ములు నింపి మూతలు పెట్టి, ఆ నీటిని ఉప్పుకు తట్టుకోలేని మొక్కలకు మాత్రమే కేటాయించుకోవాలి. గులాబీ, ఆంథూరియం, ఫెర్న్ జాతులన్నీ ఆ కోవలోకి వస్తాయి. గన్నేరు, దేవగన్నేరు, కాగితపు పూలు, ఎడారి గులాబీ కొంత ఉప్పును భరిస్తాయి కాబట్టి వాటికి బోరు నీరు పోసినా పెద్ద ప్రమాదం ఉండదు.

నాలుకకు ఉప్పగా తగలని నీరు కూడా మొక్కకు ఉప్పే కావచ్చు. కుండీ అంచున తెల్లని పొర కట్టడం, ఆకు కొస నుంచి అంచుల వెంబడి గోధుమ రంగు పాకడం దాని గుర్తులు. ఆ గుర్తులు చూసి ఎరువు చాలలేదనుకుని ఎరువు వేస్తే మట్టిలో లవణాలు ఇంకా పెరుగుతాయి. కుండీ పరిమాణానికి రెండింతల మంచినీటిని నెమ్మదిగా పోసి, అడుగు రంధ్రం గుండా పూర్తిగా బయటికి పోనిస్తే పేరుకున్న ఉప్పు కరిగి పోతుంది. ఇంత నీరు కావాలి కనుక ఈ పని కాలువలు కట్టేయక ముందే ఒకసారి చేసుకోవడం మేలు. ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు, దానిని బకెట్లో పట్టి వాడుకోవచ్చు. నీటిని శుద్ధి చేసే యంత్రం వదిలేసే వృథా నీటిలో మాత్రం లవణాలు చిక్కబడి ఉంటాయి, కుండీలకు అది తగదు. భీమవరం చుట్టుపక్కల చేపల, రొయ్యల చెరువుల పక్కన ఇళ్ళున్నవారు ఆ చెరువు నీటిని, అందులోనూ రొయ్యల చెరువు నీటిని, ఎంత కరవు వచ్చినా పెరట్లోకి పెట్టకూడదు.

ఇక మట్టి సంగతి. డెల్టా లోపలి ఊళ్ళలో నల్లని ఒండ్రు బంకమట్టి ఎండితే బీటలు వారుతుంది, బీట విచ్చుకునేటప్పుడు సన్నని వేళ్ళను తెంపుతుంది. బీటలు కనబడ్డాక గొట్టం తెచ్చి ఒక్కసారిగా నీరు పెడితే ఆ నీరంతా బీటల వెంట కిందికి జారిపోయి, వేళ్ళున్న మట్టి పొడిగానే మిగిలిపోతుంది. అటువంటప్పుడు ముందు పాదులో పైమట్టిని రెండంగుళాల మేర గుల్లచేసి బీటలలోకి నింపి, కొద్దిగా నీరు చల్లి, గంట తరువాత అసలు తడి ఇవ్వాలి. ఆ వెంటనే రెండు మూడు అంగుళాల మందంలో ఎండుటాకులో, వరిగడ్డో, కొబ్బరి డొక్కలో పాదులో పరచాలి. కోనసీమలో ఉచితంగా దొరికే డొక్కలకన్నా మంచి కప్పు మరొకటి లేదని నా అభిప్రాయం. మొదలుకు ఆనించకుండా నాలుగంగుళాలు వదిలి బోర్లిస్తే సరిపోతుంది, చెదపట్టే నేల అయితే అప్పుడప్పుడు ఎత్తి చూసుకోవాలి. కొబ్బరి పొట్టును కుండీలలో కలిపేవారు దానిని రెండు మూడు నీళ్ళలో కడిగి వాడాలి, ఎందుకంటే పచ్చి పొట్టులోనూ ఉప్పు ఉంటుంది. లంక గ్రామాల ఇసుక నేలలకు ఈ లెక్క తిరగబడుతుంది: అక్కడ నీరు నిలవదు, కాబట్టి తక్కువ తక్కువగా, ఎక్కువసార్లు పోయాలి.

నీరు పోయడానికి తెల్లవారుజాము నుంచి ఏడు గంటల లోపు సమయం శ్రేష్ఠం. అది కుదరనివారు పొద్దుగూకి, నేల కొంత చల్లబడ్డాక పోయవచ్చు. ఎండలో పడి ఉన్న గొట్టంలోని నీరు చేతిని కాల్చేంత వేడెక్కి ఉంటుంది కనుక, మొదటి నీటిని బకెట్లోకి వదిలి ఆ తరువాతే మొక్కవైపు తిప్పాలి. మధ్యాహ్నం రెండు గంటలకు ఆకులు వాల్చిన మొక్క సాయంత్రానికి తేరుకుంటే దానికి నీరు తక్కువైనట్టు కాదు. ఆకులు వదిలే తేమకు సరిపడా నీటిని వేళ్ళు ఆ వేళలో అందించలేవు, అందుకని ఆకు వాలుతుంది, అంతే. అది చూసి జాలిపడి మధ్యాహ్నం ఒక చెంబు, మళ్ళీ నాలుగింటికి ఒక చెంబు పోసేవారి కుండీలలోనే వేళ్ళు కుళ్ళుతాయి. ఉదయం లేచేసరికి కూడా వాలే ఉన్న మొక్కనే అనుమానించాలి: వేలు రెండు కణుపుల లోతుకు గుచ్చి చూసి, పొడిగా ఉంటే నీరు పోయాలి, తడిగా ఉండి మట్టి పులిసిన వాసన వేస్తే నీరు ఆపి, కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో చూడాలి.

డాబా మీద పెంచేవారికి ఇంకొక చిక్కు ఉంది. కాంక్రీటు పగలు తాగిన వేడిని రాత్రి దాకా వదులుతూ కుండీని కింద నుంచి కాలుస్తుంది, పైగా పడమటి గాలి పక్కల నుంచి ఆరబెడుతుంది. కుండీలను ఇటుకల మీద ఎత్తి పెట్టి, ఒకదానికొకటి దగ్గరగా చేర్చి, పెద్దవాటిని పడమర వైపు, చిన్నవాటిని వాటి నీడలో ఉంచితే వేడి చాలావరకు తగ్గుతుంది. నల్లని ప్లాస్టిక్ కుండీలకు గోనెపట్టా చుట్టాలి. యాభై శాతం నీడనిచ్చే ఆకుపచ్చ వల ఆకుమొక్కలకు సరిపోతుంది. అది దొరకని చోట తాటాకులతోనో, కొబ్బరాకు తడికలతోనో వేసే చలువ పందిరి దానికి ఏమాత్రం తీసిపోదు. పందిరి పడమర వైపు కొంత కిందికి దిగి ఉండాలి, ఎందుకంటే నడినెత్తి ఎండకన్నా మూడు గంటల ఏటవాలు ఎండే ఆకును మాడుస్తుంది.

పూలమొక్కలన్నింటికీ నీడ మేలు చేయదు. మల్లెకు పూర్తి ఎండ కావాలి, దానిని పందిరి కిందికి జరిపితే ఆకు పెరిగి మొగ్గ తగ్గుతుంది. మల్లెకు నేల తడి ఆరిపోకుండా చూడడం, ఒక విడత పూత అయ్యాక కొసలను తేలికగా తుంచడం చాలు; గట్టి కత్తిరింపు చలికాలపు పని, ఇప్పుడు చేస్తే లేత చిగురు మాడిపోతుంది. కాగితపు పూల తీగకు నీరు ఎక్కువైతే పూత మాని ఆకు వేస్తుంది. కనకాంబరానికి మధ్యాహ్నపు నీడ అవసరం. మందారం మొగ్గ విచ్చకుండానే రాలుతుంటే మట్టి ఒకరోజు ఎండి, ఒకరోజు తడిసి ఉందేమో చూసుకోవాలి. తడి ఒకే తీరుగా ఉంటే చాలావరకు రాలుడు ఆగుతుంది. ఫుట్‌బాల్ లిల్లీ దుంప ఏప్రిల్‌లో పైకి రాలేదని తవ్వి చూడకూడదు, నిద్రలో ఉన్న దుంపకు నీరు ఎక్కువైతే కుళ్ళుతుంది. పువ్వు వాడాక వచ్చే ఆకులను, అందం తగ్గిందని కోయకుండా, వాటంతటవి పండే వరకు ఉంచితేనే వచ్చే ఏడు దుంప మళ్ళీ పూస్తుంది.

క్రోటన్లు, అగ్లోనిమా, మనీప్లాంట్, కాలడియం వంటి ఆకుమొక్కలను ఈ నెలలో ఒకచోటి నుంచి మరోచోటికి మార్చకపోవడమే ఉత్తమం, ముఖ్యంగా క్రోటన్ వెలుగు మారితే ఆకులన్నీ రాల్చేస్తుంది. ఎండకు మచ్చపడిన ఆకులను వెంటనే తుంచవద్దు. చూపుకు బాగుండకపోయినా లోపలి లేత ఆకులకు అవే నీడ. ఆకులు మెరవాలని కొబ్బరినూనె పూసే అలవాటు కొందరికి ఉంది. ఆ నూనె ఆకు ఊపిరిని మూసి దుమ్మును పట్టి ఉంచుతుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు. రసాయన ఎరువులు, ప్రత్యేకించి యూరియా, మృగశిర దాటే వరకు మానాలి. మాగిన పశువుల ఎరువు పలుచగా వేసుకోవచ్చు, పచ్చి పేడ వేయకూడదు.

కడియం, కడియపులంక నర్సరీలకు వెళ్ళి ఉత్త చేతులతో తిరిగి రావడం ఎవరి తరమూ కాదు గాని, మే నెలలో కొనే మొక్క నర్సరీ నీడ వలల కింద, రోజూ తడిసే నేల మీద పెరిగినదని గుర్తుంచుకోవాలి. అటువంటి మొక్కను ఆటో పైన ఎండలో తెచ్చి ఆ సాయంత్రమే పెద్ద కుండీలోకి మార్చితే బతకడం కష్టం. గాలి తగలకుండా గుడ్డ కప్పి తెచ్చి, కవరుతోనే పది రోజులు నీడలో ఉంచి, వానలు పడ్డాక నాటుకోవాలి. అప్పుడైనా వేరు చుట్టూ ఉన్న మట్టిగడ్డను చిదపకూడదు.

పొడి వేడిలో ఎర్రనల్లి వారం పది రోజులకు ఒక తరం చొప్పున పెరుగుతుంది. ఆకు మీద సన్నని లేత చుక్కలు, అడుగున పలుచని గూడు దాని ఆనవాళ్ళు. ఉదయం వేళ ఆకుల అడుగుభాగాన్ని నీటి ధారతో కడిగితే మొదట్లోనే అదుపులోకి వస్తుంది. కొబ్బరిచెట్ల కింద కుండీలు పెట్టినవారికి మరో బెడద ఉంది: 2016లో మన దేశంలో తొలిసారి బయటపడి, తరువాత ఈ జిల్లాల కొబ్బరి తోటలలో పాకిన సర్పిలాకార తెల్లదోమ చెట్టు మీద నుంచి జిగట ద్రవాన్ని రాలుస్తుంది, కింది మొక్కల ఆకుల మీద ఆ జిగటపై నల్లని మసి పడుతుంది. మసిని గంజితోనో, నీటితోనో కడగాలి, కుండీలను చెట్టు కింది నుంచి పక్కకు తీయాలి. ఘాటైన పురుగుమందు కొడితే తెల్లదోమను అదుపు చేసే మిత్రపురుగులు ముందు చస్తాయి; అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం మిత్రజీవులను పెంచి రైతులకు అందించే పద్ధతినే ముందుకు తెచ్చింది. తప్పనప్పుడు 1500 పి.పి.ఎం. వేపనూనెను లీటరుకు 5 మి.లీ. చొప్పున, కొద్దిగా సబ్బునీటితో కలిపి, పొద్దు వాలాకే చల్లాలి. నూనె చల్లిన రెండు వారాల లోపు గంధకం చల్లకూడదు, అసలు ఈ వేడిలో గంధకం జోలికి పోకపోవడమే మంచిది, రెండూ ఆకును మాడుస్తాయి.

మొక్కల ధ్యాసలో మనిషి సంగతి మరచిపోరాదు. తొమ్మిది దాటాక డాబా మీద పని పెట్టుకోకూడదు, పెద్దవారు అసలు ఎక్కకూడదు. తల తిరగడం, చెమట ఆగిపోవడం, మాట తడబడడం వడదెబ్బ గుర్తులు. అటువంటి వారిని నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. చల్లదనం వెతుక్కుంటూ పాములు, తేళ్ళు కుండీల చాటుకూ, డొక్కల కిందికీ చేరతాయి. డెల్టాలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర మూడూ ఉన్నాయి కనుక, డొక్కలను చేత్తో కాక కర్రతో తిప్పి చూడాలి, చీకటిలో లైటు లేకుండా పాదుల్లోకి వెళ్ళకూడదు. కాటు పడితే కోయడం, కట్టు బిగించడం, నాటుమందు మానేసి 108కి ఫోన్ చేయాలి. గన్నేరు, పచ్చగన్నేరు, ఎడారి గులాబీ, డైఫెన్‌బాకియా, ఫుట్‌బాల్ లిల్లీ విషపూరితాలు. వేసవి సెలవులకు వచ్చిన పిల్లలకు వాటిని చూపించి చెప్పాలి, కత్తిరించినప్పుడు చేతులు కడుక్కోవాలి. కుండీల కింది పళ్ళాలలో నిలిచిన నీటిని వారానికి ఒకసారైనా పారబోయకపోతే దోమలు పుడతాయి.

మే చివరి సాయంకాలాలలో ఈదురు గాలి చెప్పి రాదు. తుపాన్లు కార్తీకంలోనే వస్తాయనుకోవడమూ పొరపాటే: 1990 మే 9న మచిలీపట్నం సమీపంలో, 2010 మే 20న బాపట్ల దగ్గర తీరం దాటినవి నడివేసవి తుపాన్లే. పిట్టగోడ మీది కుండీలను ఈ నెలంతా కిందనే ఉంచాలి, వేలాడే బుట్టలను దించాలి. నీడ వల గాలిలో తెరచాపలా పనిచేసి కర్రలతో సహా లేచిపోతుంది కాబట్టి, మబ్బు కమ్మగానే ఒకవైపు ముడులు విప్పి చుట్టేయడానికి వీలుగా కట్టుకోవాలి. తొలి వాన పడిన మర్నాడే వల తీసేయవద్దు. తరువాత వచ్చే ఎండ మరింత చురుక్కుమంటుంది. వానలు నిలదొక్కుకున్నాక, మబ్బు పట్టిన రోజు చూసి, ముందు తూర్పు వైపు, వారం తరువాత పడమర వైపు తీయాలి.