వంద సీసీ బండి దారిలో ఆగిపోతోందా? కార్బొరేటర్ విప్పే ముందు ఇవి చూడండి

97.2 సీసీ ఇంజన్ 1985లో హీరో హోండా సీడీ 100తో మన రోడ్ల మీదికి వచ్చింది. 1994లో స్ప్లెండర్‌కి, ఆ తర్వాత ప్యాషన్‌కి, సీడీ డాన్‌కి అదే పెట్టారు. ట్యాంకు ఆకారం, స్టిక్కర్లు మారాయి గానీ, ముందుకు పడుకున్నట్టుండే ఆ సిలిండర్ తీరు మారలేదు. అందుకే ఒక బండికి నేర్చుకున్న వైద్యం మిగతావాటికీ పనికొస్తుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బళ్ల సంగతి మాత్రం వేరు, చివర్లో చెప్తాను.

నడుస్తూ ఆగిపోతుంది, ఐదు నిమిషాలాగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది

అనవసరంగా ఎక్కువ డబ్బు పోయేది దీని దగ్గరే. మా ఇంట్లో పాత బండి పది పన్నెండు కిలోమీటర్లు బాగానే పోయి, దగ్గినట్టు రెండుసార్లు జర్క్ ఇచ్చి ఆగిపోయేది. ఒక మెకానిక్ ప్లగ్ మార్చాడు. ఇంకొకాయన కార్బొరేటర్ కడిగాడు. మూడో ఆయన కాయిల్ (ప్లగ్‌కి కరెంటు అందించేది) అన్నాడు. చివరికి ఒక మధ్యాహ్నం రోడ్డు పక్కన, పెట్రోల్ ఉందో లేదో చూద్దామని మూత తిప్పితే ‘ఉస్స్’మని గాలి లోపలికి పీల్చుకుంది. ఒక్క కిక్కుకే స్టార్ట్!

జరిగిందేమిటంటే, ఈ బళ్లలో పెట్రోల్ ట్యాంకు నుంచి, గాలితో కలిపి ఇంజన్‌కి పంపే కార్బొరేటర్‌లోకి తన బరువుతోనే దిగుతుంది. దిగినంత మేర పైనుంచి గాలి వెళ్లాలి, దానికి మూతలో సన్నటి రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుపోతే పెట్రోల్ దిగడం ఆగిపోతుంది. కాసేపాగితే ఎక్కడినుంచో కాస్త గాలి చేరుతుంది, బండి మళ్లీ కదులుతుంది. మా బండికి మూత మీదుగా బిగించిన రెక్సిన్ కవరు కూడా ఓ చెయ్యేసింది. మూత విప్పి, సన్నటి తీగతో రంధ్రం శుభ్రం చేసి, కవరు తీసేశాం. ఖర్చు సున్నా.

మూత తెరిచినా స్టార్ట్ కాకపోతే కార్బొరేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, పెట్రోల్‌ని చిన్న సీసాలో పట్టండి. ఇంజన్ చల్లారాకే, దగ్గర్లో బీడీ సిగరెట్ లేకుండా. ధార ఆగకుండా వస్తే పెట్రోల్ వైపు తప్పు లేదు. చుక్కలు చుక్కలుగా వస్తే పెట్రోల్ కాక్‌లోని (ట్యాంకు కింద పెట్రోల్ కట్టేసే మీట) జాలీ పూడుకుపోయి ఉండొచ్చు. సీసా అడుగున నీటి బుడగలు కనిపిస్తే ట్యాంకులో నీళ్లు చేరాయి. వానాకాలంలో ఇది మామూలే. ఇప్పటి పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ కూడా తేమను పీల్చుకుంటుంది. ట్యాంకు ఖాళీ చేసి కడగడం తప్ప దారి లేదు.

ధార బాగుండి, వేడెక్కినప్పుడే ఆగుతుంటే అప్పుడు కాయిల్‌ని అనుమానించండి, ముందే కాదు.

పొద్దున్నే ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్ట్ కాదు

ప్లగ్ తీసి కొన చూడండి. ఇటుక రంగులో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. పొడి నల్ల మసి పడితే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందో, చోక్ పూర్తిగా తిరిగి రావడం లేదో చూసుకోవాలి. తడిగా ఉండి పెట్రోల్ వాసన వస్తే ఓవర్‌ఫ్లో అయింది: ప్లగ్ తుడిచి బిగించి, పెట్రోల్ కాక్ కట్టేసి, చోక్ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఏడెనిమిది కిక్కులు కొట్టండి. పాత మోడళ్లకు ప్లగ్ గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు.

నీలి పొగ

పొద్దున స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలోనే వచ్చి పోతే ఎక్కువసార్లు వాల్వ్ సీళ్లే కారణం, చిన్న పని. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా వస్తూ ఆయిల్ తగ్గిపోతుంటే బండి బోర్‌కి వచ్చినట్టే, అంటే సిలిండర్, పిస్టన్ అరిగాయన్నమాట. ఆయిల్ మార్చాల్సిన సమయం దాటేసి తిప్పిన బళ్లకే ఇది తొందరగా వస్తుంది.

సిగ్నల్ దగ్గర న్యూట్రల్ పడదు

క్లచ్ లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట (క్లచ్ పట్టుకోక ముందు లివర్ వదులుగా కదిలే దూరం) ఉండాలి. అంతకన్నా ఎక్కువుంటే కేబుల్ బిగించండి. అసలు లేకపోతే వదులు చేయండి, లేదంటే ప్లేట్లు కాలిపోతాయి.

ఎఫ్‌ఐ బళ్లు

మొదట్లో చెప్పిన బీఎస్6 బళ్లు ఇవే. కార్బొరేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ (ఎఫ్ఐ) ఉంటుంది కాబట్టి పెట్రోల్ కాక్, చోక్ ముచ్చట లేదు. తాళం తిప్పగానే ట్యాంకు దగ్గర రెండు సెకన్లు సన్నటి ‘జుయ్’ వినిపించాలి. అది పంపు. వినపడకపోతే ఫ్యూజు, బ్యాటరీ చూడండి. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే పాత బండిలా కిక్కు కొట్టి లేపుదామంటే కుదరకపోవచ్చు. మీటర్‌లో ఇంజన్ గుర్తు ఆరకుండా వెలుగుతుంటే స్కానర్ ఉన్న చోటికే తీసుకెళ్లండి, స్క్రూడ్రైవర్‌తో అయ్యే పని కాదు.

ఐ3ఎస్ ఉన్న బండి న్యూట్రల్‌లో ఐదారు సెకన్లు ఆగగానే ఇంజన్ ఆగిపోతోందని కంగారు పడేవాళ్లను చూశాను. అది లోపం కాదు, పెట్రోల్ మిగల్చడానికి పెట్టిన ఏర్పాటు. క్లచ్ పట్టుకుంటే మళ్లీ స్టార్ట్ అవుతుంది. నచ్చకపోతే హ్యాండిల్ మీద దాని స్విచ్ ఉంది, ఆపేసుకోండి.