గుండె బలహీనపడ్డ మనిషి బరువు ఇంట్లో రోజూ ఎలా చూడాలి?

గుండె వార్డులో ఇన్నేళ్ళుగా చేస్తున్నా, ఒక మాట వింటే నాకు ఇప్పటికీ దడే. "మా అయ్య ఇంటికెళ్ళాక కాస్త ఒళ్ళు చేసాడమ్మా!" గుండె పంపింగ్ తగ్గి, ఆయాసంతో చేరి, నీరు తీయించుకుని వెళ్ళిన మనిషి వారం తిరక్కుండా ఒళ్ళు చెయ్యడు. ఆ పెరిగింది కండ కాదు, నీరు.

కావలసినవి మూడే. డిజిటల్ తూకం మిషను, గోడ క్యాలెండరు, పెన్ను. ముల్లు తిరిగే మిషను కొనకండి, అరకిలో తేడా దాని మీద కంటికి ఆనదు. ఫోన్లో రాసుకోవడం కూడా నాకు నచ్చదు. ఫోను కొడుకు జేబులో వైజాగ్ పోతుంది, క్యాలెండరు గోడనే ఉంటుంది. మిషను గట్టి గచ్చు మీద పెట్టండి, చాప మీద కాదు.

పొద్దున్న లేచి ఒంటికి వెళ్ళొచ్చాక, చోడంబలి తాగకముందు, రోజూ ఒకేలాంటి బట్టల్తో ఎక్కించండి. భుజం మీది తువ్వాలు, రొంటిలోని చుట్టలూ అగ్గిపెట్టే తీయించండి. గోడ పట్టుకోనివ్వకండి. "నానేటి బస్తానా, రోజూ తూకమేయడానికి?" అంటారు. అననివ్వండి.

అసలు తప్పు జరిగేది ఆ తర్వాతే. వచ్చిన అంకెను దేనితో పోల్చాలి? అందరూ నిన్నటి అంకెతో పోల్చి ఊరుకుంటారు. ఒకావిడ మామగారి క్యాలెండరు తెచ్చి చూపించింది. సోమవారం 54.2, మంగళవారం 54.8, బుధవారం 55.5, గురువారం 56.3. ఏ పూటకాపూట "ముప్పావుకిలోనే కదా" అనుకుంది. అవే గళ్ళ మీద నేను వేలు పెట్టి సోమవారం నుంచి గురువారానికి జరిపాను. 2.1 కిలోలు! లీటరు నీళ్ళు కిలో తూగుతాయి. అంటే ఒంట్లో రెండు లీటర్ల పైచిలుకు చేరింది.

అందుకని ఇంటికొచ్చిన మర్నాటి పొద్దుటి బరువుకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. ఆసుపత్రి మిషను అంకె వేరు, మీ మిషను అంకె వేరు, రెండూ కలపకండి. ప్రతిరోజూ అంకెను ఆ సున్నా చుట్టిన అంకెతోనూ, మూడు రోజుల కిందటి దానితోనూ పోల్చండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అదే రోజు డాక్టరుకు ఫోను చెయ్యాలి. సన్నటి మనిషికి ఇంకా తక్కువకే చెప్పమంటారు. మీ హద్దు ఎంతో డిశ్చార్జి అయ్యేటప్పుడే అడిగి క్యాలెండరు పైన రాసుకోండి.

"కాళ్ళు వాచలేదు కదమ్మా" అంటారు. వాపు కంటికి కనిపించేసరికే చాలామందికి కిలోల లెక్కన నీరు చేరిపోయి ఉంటుంది. అందుకే నేను చూపు కంటే తూకాన్నే నమ్ముతాను. అయినా నొక్కి చూడండి. కాలి ముందు ఎముక మీద బొటనవేలు పెట్టి ఐదు లెక్కపెట్టి తీస్తే గుంట ఉండిపోయిందా, నీరు పట్టినట్టే. మంచం దిగని మనిషికి కాళ్ళ దగ్గర కాదు, నడుం కింద చూడాలి, నీరు అక్కడికి జారుతుంది. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు కాలు వాస్తే ముందు బోదకాలే తడుతుంది. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి పిక్క నొప్పెడుతుంటే మాత్రం రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి.

బరువు పెరిగిందని నీటి మాత్ర, అంటే ఒంట్లో నీటిని ఒంటికి పోయించే మాత్ర, మీరే ఇంకొకటి వెయ్యకండి. పాలకొండ పెళ్ళికి వెళ్తున్నాం, బస్సులో ఇబ్బందని మానిపించడమూ అంతే తప్పు. వేళ మార్చొచ్చా అని అడిగితే డాక్టరే చెప్తారు. మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో డైక్లోఫెనాక్ లాంటివి కొని మింగిస్తే ఒంట్లో నీరు నిలుస్తుంది. ఉప్పు సంగతి సరేసరి. ఆరోగ్యవంతులకే రోజుకు 5 గ్రాముల లోపు, అంటే చెంచాడు లోపు ఉండాలంటారు. ఎండుచేపలు, ఆవకాయ, అప్పడాలు కలిపితే అది మధ్యాహ్నానికే దాటుతుంది. ఉద్దానం వాళ్ళు "కొబ్బరినీళ్ళు మంచివే కదా" అని తాగిస్తారు. వాటిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకీ, స్పైరనోలాక్టోన్ అనే నీటి మాత్ర వాడేవాళ్ళకీ అది ప్రమాదం, అడక్కుండా పట్టకండి.

పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటున్నా, దగ్గితే గులాబీ రంగు నురగ పడినా, గుండె నొప్పొచ్చినా అప్పుడు తూకంతో పని లేదు, 108కి ఫోను చెయ్యండి. వచ్చేటప్పుడు మందుల సంచీతో పాటు ఆ క్యాలెండరు కూడా మేకు నుంచి తీసి పట్టుకు రండి. నేను ముందు అడిగేది దాన్నే.