పచ్చళ్ళ పేజీ పదో రోజుకే ఎందుకు ఆగిపోతుంది? సమస్యలు - పరిష్కారాలు

తణుకులో మా పిన్ని ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. సాయానికి ఇద్దరు ఆడవాళ్ళు వస్తారు. పచ్చడి సంగతి పిన్నిది, ఇన్‌స్టాగ్రామ్ పేజీ, వాట్సాప్ నావి. మూడేళ్ళలో ఆ పేజీ నాలుగుసార్లు ఆగిపోయింది. ఆగిన ప్రతిసారీ నా బద్ధకమే అనుకున్నాను. తర్వాత కూర్చుని చూస్తే ఒక్కోసారి ఒక్కో తప్పు బయటపడింది. మీ పేజీకి ఏ జబ్బు ఉందో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్ళండి, వరసగా చదవక్కర్లేదు. చీరలు అమ్మేవాళ్ళకైనా, ట్యూషన్లు చెప్పేవాళ్ళకైనా చాలావరకు ఇవే వర్తిస్తాయి. నాకు తెలిసింది పచ్చళ్ళ వ్యవహారం కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే.

"పది రోజులు రోజూ పెట్టాం. తర్వాత ఏం పెట్టాలో తోచలేదు"

కారణం: ప్రతి ఉదయం మళ్ళీ మొదట్నుంచి ఆలోచిస్తున్నారు. ఫోన్ పట్టుకుని "ఇవాళ ఏం పెడదాం" అని కూర్చుంటే మొదటి వారం ఉత్సాహం నడిపిస్తుంది, రెండో వారం టెన్షన్ మొదలవుతుంది, మూడో వారం సీసా ఫొటోయే ఇంకో వైపు నుంచి తీసి పెడతారు. నేనూ అదే చేశాను.

పరిష్కారం: ఆలోచించడం మానేసి, వచ్చినవి ఏరుకోండి. గడిచిన మూడు నెలల వాట్సాప్ చాట్లు తెరిచి, కస్టమర్లు అడిగిన ప్రతి ప్రశ్ననీ ఒక్కో చీటీ మీద, వాళ్ళ మాటల్లోనే రాయండి. "కొత్తావకాయ ఎప్పుడొస్తుందండీ?" అని అడిగితే అలాగే రాయాలి, "లభ్యత వివరాలు" అని మార్చకూడదు. తర్వాత చాప మీద పరిచి, ఒకదానికొకటి దగ్గరగా ఉన్నవి కుప్పలు వేయండి.

మాకు నాలుగు కుప్పలు వచ్చాయి. ఏ కాయ ఎప్పుడు దొరుకుతుంది అన్నది ఒకటి. ఎలా పెడతారు అన్నది ఇంకొకటి: నువ్వుల నూనేనా, కారం గుంటూరుదేనా, వెల్లుల్లి వేయనిది ఉందా, హైదరాబాద్ వైపు వాళ్ళయితే అల్లం వెల్లుల్లి వేసిన తొక్కు ఉందా. మూడోది దాచుకోవడం, పంపడం: ఫ్రిజ్‌లో పెట్టాలా, పైన నూనె తేలకపోతే పాడైనట్టా, అమెరికాలో అమ్మాయికి పార్శిల్ చేస్తే దారిలో కారదా. నాలుగోది దేంతో తినాలి, ఇంకేం చేసుకోవచ్చు. మాగాయ మిగిలితే పెరుగు పచ్చడి చేసుకోవచ్చని తెలియని వాళ్ళు ఇంతమంది ఉన్నారని ఆ చీటీలు చూసేదాకా నాకు తెలియదు.

ఎక్కువమంది ధరే అడుగుతారని మా అంచనా. తీరా చూస్తే అన్నిటికన్నా పెద్ద కుప్ప మూడోది. అప్పటిదాకా దాని మీద మేం ఒక్క పోస్టు కూడా పెట్టలేదు.

ఈ నాలుగే మీ మూల అంశాలు. ఒక నోటుబుక్కులో ఒక్కోదానికి నాలుగేసి పేజీలు వదిలేయండి. కొత్త ప్రశ్న వచ్చిన రోజే అందులోకి ఎక్కించాలి. మీకు మూడే రావచ్చు, అయిదు రావచ్చు. అయిదు దాటాయంటే మాత్రం ఏవో రెండు కుప్పలు కలపకుండా వదిలేశారన్నమాట.

"అంశాలు రాసుకున్నాం. అయినా పోస్టు తయారవడం లేదు"

కారణం: అంశం మరీ పెద్దదైపోయింది. "రుచి", "సంప్రదాయం", "ఆరోగ్యం" లాంటివి రాసుకుంటే వినడానికి బావుంటాయి. కెమెరా ఎటు తిప్పాలో మాత్రం చెప్పవు.

పరీక్ష ఒకటుంది. అంశం పేరు కాగితం మీద రాసి, కింద పావుగంటలో పన్నెండు పోస్టులు రాయగలరేమో చూడండి. ఆరు దగ్గరే ఆగిపోతే ఆ అంశం పనికిరాదు, లేదా దాని గురించి మీకే సరిగ్గా తెలియదు. పిన్నిని "ఎలా పెడతారు" గురించి అడిగితే పన్నెండు కాదు, ఆపాల్సి వచ్చింది. కాయ కడిగాక తడి లేకుండా గుడ్డతో ఎందుకు తుడవాలి. ముక్కకి టెంక ఎందుకు అంటుకుని ఉండాలి. ఆవాలు ఎండలో పెట్టి పొడి కొట్టడం. మూడో రోజు జాడీ తెరిచి తిరగ కలపడం, ఉప్పు చూసి నూనె పోయడం. మాగాయకి ముక్కలు ఉప్పులో ఊరాక వాటిని గట్టిగా పిండి ఎండబెట్టడం, ఆ ఊట పారబోయకుండా దాన్నీ ఎండలో పెట్టడం. బెల్లం ఆవకాయ, పెసర ఆవకాయ, మామూలు ఆవకాయల మధ్య తేడా. ఇందులో ఏదైనా అరనిమిషం వీడియోకి సరిపోతుంది.

రెండో పరీక్ష: మీ పోస్టు మీద పేరు చెరిపేసి ఇంకో పచ్చళ్ళ పేజీ పేరు రాస్తే అతికిపోతుందా? అతికితే అది మీ పోస్టు కాదు.

"ఆరోగ్యం" గురించి ఒక మాట. పచ్చడి అంటేనే ఉప్పూ నూనే. ఫలానా పచ్చడి తింటే షుగర్ తగ్గుతుందని రాసే పేజీలు చూస్తూనే ఉన్నాను. దయచేసి ఆ జోలికి వెళ్ళకండి. నమ్మకం కావాలంటే లేబుల్ మీదున్న 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు కనపడేలా ఒక ఫొటో పెట్టండి, అది చాలు.

"మేలో ముప్పై వీడియోలు, సెప్టెంబరులో ఒక్కటీ లేదు"

ఇది పచ్చళ్ళవాళ్ళకి ప్రత్యేకంగా వచ్చే జబ్బు, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

కారణం: పని జరిగిన రోజే తీసి ఆ రోజే మొత్తం పెట్టేస్తున్నారు. కాయ ముదిరినప్పటి నుంచి తొలకరి పడేదాకా మామిడికాయ హడావిడి. చూపించడానికి బోలెడు ఉంటుంది, కూర్చుని పెట్టే తీరిక ఉండదు. తీరిక దొరికేసరికి చూపించడానికేం మిగలదు.

పరిష్కారం రెండు భాగాలు. మొదటిది, తీయడాన్నీ పెట్టడాన్నీ విడదీయండి. మే నెలలో ఆవకాయ కలిపే రోజుల్లో రెండు రోజులు ఎంచుకుని, ఫోన్‌ని స్టాండుకి బిగించి వదిలేస్తాను. పిన్ని పని ఆగదు. కెమెరా వైపు చూడమని అడగను, అడిగితే ఆవిడ మాట్లాడే తీరే మారిపోతుంది. అలా తీసినదాంట్లో మూడో వంతు మాత్రమే మేలో పెడతాను. నూనె గురించి, కారం గురించి, దాచడం గురించి చెప్పిన ముక్కలు ఆగస్టులో పెట్టినా పాతబడవు.

రెండోది, ఏడాదిని కాయల లెక్కన గీసుకోండి. ఉగాదికి లేత మామిడికాయ, ఆ తర్వాత ఆవకాయ, మాగాయ. వానల్లో గోంగూర. కార్తీకంలో ఉసిరి. ధనుర్మాసం నాటికి చింతకాయ. సంక్రాంతి దాటాక పండుమిర్చి. నిమ్మకాయ, అల్లం ఖాళీలు పూడుస్తాయి. "ఏ కాయ ఎప్పుడు" అన్న అంశం ఇక్కడే ఏడాదికి సరిపడా నిండిపోతుంది. కాయ రావడానికి రెండు వారాల ముందే మొదటి పోస్టు పడాలి. ఉసిరికాయ పచ్చడి సీసాల్లోకి ఎక్కాక ఆర్డర్లు అడగడం మేం చేసిన పాత పొరపాటు. అప్పటికి జనం వేరేచోట కొనేసుకుంటారు.

"నెల మొత్తానికీ ఎక్సెల్‌లో ప్లాన్ వేశాం. ఆరో రోజుకే తప్పింది"

కారణం: రోజుకొకటి అనుకున్నారు. ఒక రోజు తప్పితే రెండో రోజు రెండు పెట్టాలనిపిస్తుంది, మూడో రోజుకి ఆ ఫైల్ తెరవబుద్ధి కాదు.

పరిష్కారం: వారానికి రెండు. మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి. నాలుగు అంశాలు వరసగా తిరిగితే ఒక్కో అంశం రెండు వారాలకోసారి వస్తుంది, చూసేవాళ్ళకి విసుగు రాదు. నెలకి కావాల్సింది ఎనిమిదో తొమ్మిదో. ఆదివారం మధ్యాహ్నం ఒక గంట కూర్చుంటే రెండు వారాలవి మెటా బిజినెస్ సూట్‌లో (ఫేస్‌బుక్, ఇన్‌స్టా పేజీలు నడుపుకోడానికి ఆ కంపెనీ ఇచ్చే యాప్) షెడ్యూల్ చేసి పెట్టేయొచ్చు, దానికి డబ్బు కట్టక్కర్లేదు. మిగతా రోజుల్లో అప్పటికప్పుడు తోచినవి స్టోరీలో, వాట్సాప్ స్టేటస్‌లో వేయండి. అవి 24 గంటల్లో పోతాయి కాబట్టి బాగా వచ్చాయా లేదా అని బాధ లేదు.

ఎవరింట్లోనైనా పెళ్ళి వచ్చి వారం తప్పిందనుకోండి. తప్పిన వాటిని వెనక్కి తిరిగి పూడ్చకండి, తర్వాతి మంగళవారం నుంచి మొదలుపెట్టండి.

"వ్యూస్ బోలెడు, ఆర్డర్లు సున్నా"

కారణం: చూసినవాళ్ళు కొనేవాళ్ళు కాదు. మా అత్యధిక వ్యూస్ రీల్‌లో పచ్చడే లేదు. జాడీ మీద మూత కోసం పిల్లి చేసిన యుద్ధం అది. నవ్వుకున్నారు, వెళ్ళిపోయారు. ఆ వారం వచ్చిన ఫాలోవర్లలో ఎవరైనా కొన్నారా అంటే నాకు ఒక్కరూ గుర్తు లేరు.

పరిష్కారం: వ్యూస్ పక్కన పెట్టి మూడు చూడండి. ఎంతమంది సేవ్ చేశారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు, ఆ పోస్టు చూసి ఎంతమంది మెసేజ్ పెట్టారు. మూడోది యాప్ సరిగ్గా చెప్పదు. మెసేజ్ పెట్టినవాళ్ళని "ఏది చూసి వచ్చారండీ?" అని మీరే అడగాలి. మాకు "పార్శిల్ ఎలా కడతాం" వీడియోకి వ్యూస్ తక్కువే. కానీ దాన్ని అక్కలకీ వదినలకీ పంపుకున్నారు. సీసా మూతకి టేపు చుట్టడం, రెండు కవర్లు వేయడం, పెట్టెలో సందు లేకుండా కాగితాలు కుక్కడం, అంతే అందులో ఉన్నది.

ట్రెండింగ్ పాటల వెంట పడేవాళ్ళకి ఇంకో సంగతి. బిజినెస్ అకౌంట్‌కి సినిమా పాటల్లో చాలావరకు అందుబాటులో ఉండవు. అది నష్టమని నేననుకోను. జాడీలో గరిటె తిరిగే చప్పుడు వదిలేసినవే మాకు బాగా వచ్చాయి.

"అడిగిందే అడుగుతున్నారు, జవాబు చెప్పలేక చస్తున్నాం"

జవాబు మీ పేజీలో ఉంది, అడుగున పడిపోయింది. ఇన్‌స్టాలో మూడు పోస్టులు పైన పిన్ చేయొచ్చు: ధరల పట్టిక, పార్శిల్ సంగతి, ఇప్పుడు ఏమేం ఉన్నాయి. మిగతావి స్టోరీ హైలైట్లలోకి. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో కేటలాగ్ పెట్టుకుంటే ప్రతివాళ్ళకీ ఫొటోలు పంపే పని తప్పుతుంది.

"పేజీ నిండా పండగ శుభాకాంక్షలే"

ఏం పెట్టాలో తెలియని రోజు చేతికందేది అదే. పండగకి మీ నాలుగు అంశాల్లో ఒకదానితో సంబంధం ఉంటేనే పెట్టండి. ఉగాదికి ఉంది, కార్తీకమాసం వనభోజనాలకి ఉంది. న్యూ ఇయర్‌కి పచ్చడితో ఏం సంబంధమో నాకు ఇప్పటికీ తోచలేదు.

"ఒక ఫిర్యాదు వచ్చింది, భయమేసి ఆపేశాం"

మాకు ఇది జరిగింది. ఒకావిడ బూజు పట్టిన సీసా ఫొటో కామెంట్లలో పెట్టారు. పిన్ని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నేను ఆ కామెంట్ తీసేసి, మూడు వారాలు పేజీ జోలికే పోలేదు. రెండూ తప్పే.

చేయాల్సింది: అక్కడే, అందరికీ కనపడేలా, "అయ్యో, మీ నంబరు పంపండమ్మా, ఇంకో సీసా పంపుతాం" అని రాయాలి. తర్వాత ఎందుకు జరిగిందో కనుక్కోవాలి. మేం ఆలస్యంగానైనా ఫోన్ చేస్తే, ఆవిడ ఇంట్లో పెరుగులో పెట్టిన చెంచాయే పచ్చడిలోనూ పెడుతున్నారని తేలింది. తడి చెంచా మీద ఒక వీడియో చేశాం, ఆవిడ పేరు ఎక్కడా రానివ్వకుండా. దాచుకోవడం అన్న కుప్పలో ఎక్కువమంది సేవ్ చేసుకున్నది అదే. తప్పు మీదే అయితే అదీ చెప్పేయండి. ఆ బ్యాచ్‌లో నూనె తక్కువ పడిందని ఒకసారి స్టేటస్‌లో పెట్టాం, సీసాలు వెనక్కి తీసుకున్నాం.

"ఫోన్ పోయింది, వీడియోలన్నీ పోయాయి"

పిన్ని ఫోన్ మేడ మీద నీళ్ళ డ్రమ్ములో పడ్డాక మేం నేర్చుకున్నది ఇది. యాప్‌లో ఉంది కదా అనుకోవద్దు. 2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ని నిషేధించినప్పుడు ఊళ్ళలో ఎంతోమంది చేతిలో ఏమీ లేకుండా మిగిలారు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకేసారి గంటల తరబడి ఆగిపోయాయి. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే ఉన్నవాళ్ళు ఆ రాత్రి ఏం చేయగలరు?

తీసిన ప్రతి వీడియోనీ పాటా, అక్షరాలూ కలపకముందే గూగుల్ డ్రైవ్‌లోకి గానీ ఒక హార్డ్‌డిస్కులోకి గానీ ఎక్కించండి. ఫోల్డర్లు నెలల పేరుతో వద్దు, మీ నాలుగు అంశాల పేరుతో ఉండాలి. ఫైల్ పేరులో కాయ, పని, సంవత్సరం రాయండి: "ఉసిరి - గాటు పెట్టడం - 2024" అని. కస్టమర్ల నంబర్లు, ఎవరికి వెల్లుల్లి పడదో, ఎవరికి ఉప్పు తగ్గించాలో ఆ నోటుబుక్కు చివరి పేజీల్లో, పెన్నుతో.