అడ్వెంట్ ఆదివారాలకి తెల్లటి గుర్తులు

క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు ఆదివారాల్ని అడ్వెంట్ ఆదివారాలంటారు. వాటికోసం ఏటా ఇంట్లో పిండితో తెల్లటి గుర్తులు చేస్తాం. మా ఇల్లు మద్రాసు పెరంబూర్‌లో. నవంబర్ ఆఖరికి ఇక్కడ వానలు ఇంకా వెళ్లవు, గోడలు చెమ్మగా ఉంటాయి. ఆ సంగతి తలచుకోకుండా మొదటి ఏడాది వాటిని మైదా, ఉప్పు కలిపిన పిండితో చేశాం. ఉప్పు గాలిలో తేమని లాగేసుకుంటుంది కదా, పండగ నాటికి నక్షత్రం కొనలు మెత్తబడి వంగిపోయాయి, బంగారు రంగు పొట్టులా లేచింది. మనవరాలు ఏడ్చింది. అప్పట్నుంచి మద్రాసులో ఎవరడిగినా ఉప్పు పిండి వద్దనే చెబుతున్నాను.

దాని బదులు కార్న్‌ఫ్లోర్ ఒక కప్పు, వంట సోడా రెండు కప్పులు, నీళ్లు కప్పుంపావు. పొయ్యి వెలిగించకముందే ఉండల్లేకుండా కలిపి, మధ్యస్థం మంట మీద గరిటె ఆపకుండా తిప్పాలి. పలచగా ఉన్నది ఉన్నట్టుండి గట్టిపడుతుంది. మెదిపిన బంగాళాదుంపలా అవగానే దించెయ్యండి, ఇంకా ఉంచితే ఆరాక బీటలు తీస్తుంది. తడిగుడ్డ కప్పి చల్లార్చి, చపాతీ పిండిలా మర్దించాలి. రంగు వెయ్యకుండానే తెల్లగా వస్తుంది, మనకి కావలసింది ఆ తెలుపే.

ఈ గుర్తుల్ని క్రిస్మన్లు అంటారు. క్రీస్తు, మోనోగ్రామ్ (పేరులోని అక్షరాలు కలిపి చేసే గుర్తు) అన్న రెండు మాటలు కలిపిన పేరు. 1957లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, డాన్‌విల్ ఊరి అసెన్షన్ లూథరన్ చర్చిలో ఫ్రాన్సెస్ కిప్స్ స్పెన్సర్ అనే ఆవిడ వీటిని మొదలుపెట్టారు. తెలుపు క్రీస్తు పవిత్రతకి, బంగారం ఆయన మహిమకి. 1842లో మిషనరీ ఫాదర్ హేయర్ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ సంఘం మాది, అందుకే ఒక లూథరన్ చర్చిలో పుట్టిన ఈ పని నాకు పుట్టింటి పనిలా అనిపిస్తుంది.

అన్నీ ఒక్క రోజున చెయ్యకండి. ఆదివారానికి ఒకటి చాలు.

మొదటి ఆదివారం నిరీక్షణది, అంటే ఆశది, అందుకని లంగరు. ముందురోజు పిల్లల్ని కాశిమేడు చేపల రేవుకి తీసుకెళ్లి నిజం లంగరు చూపించాను. బైబిల్లోని హెబ్రీ పత్రిక ఆరో అధ్యాయంలో నిరీక్షణే ఆత్మకు లంగరని ఉంది. రోమ్ భూగర్భ సమాధుల్లో తొలి క్రైస్తవులు చెక్కిన గుర్తుల్లో ఇదొకటి. రెండో ఆదివారం సమాధానానికి, అంటే శాంతికి, పావురం, మూడోదానికి నక్షత్రం. వీటికి అట్టముక్క మీద బొమ్మ గీసి కత్తిరించి, పిండి మీద పెట్టి చాకుతో కోస్తే సరి.

నాలుగో వారం చేప. గ్రీకులో చేపని ఇఖ్తుస్ అంటారు, ఐదు అక్షరాలు. ఒక్కో అక్షరం ఒక్కో మాటకి మొదలు. ఆ మాటల్ని తెలుగులో చెబితే యేసు, క్రీస్తు, దేవుని, కుమారుడు, రక్షకుడు. మనకీ ఐదే, వరసా అదే! మా పిల్లలు బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు ఇంట్లోనూ చర్చిలోనూ వినడమే. అందుకే చేప పొట్ట మీద పళ్లపుల్లతో యే, క్రీ, దే, కు, ర అని వాళ్ల చేతే రాయిస్తాను. ‘క్రీ’కి రావత్తు ఎటు తిప్పాలో మనవడు మూడుసార్లు చెరిపి దిద్దాడు. పిండి తడిగా ఉన్నంతసేపూ దిద్దుకోవచ్చు, తొందరపెట్టకండి.

పిండిని పావు అంగుళం మందాన వత్తాలి. అంచుకి అర అంగుళం లోపలగా స్ట్రాతో చిల్లు పెట్టండి, అంచుకి దగ్గరైతే దారం కట్టేటప్పుడు విరుగుతుంది. ఎండ కోసం ఎదురుచూడక్కర్లేదు. జల్లెడ మీద పరిచి ఫ్యాను కింద రెండు రోజులు ఉంచి, మధ్యమధ్య తిరగెయ్యండి. అలా తిరగెయ్యకపోతే అంచులు పైకి లేస్తాయి. ఆరాక గరుకు కాగితంతో అంచులు నున్నగా రుద్ది, సన్నటి కుంచెతో అంచు వెంబడి మాత్రమే బంగారు రంగు అద్దండి. జరీ దారం ప్యారిస్ కార్నర్‌లో కొంటాను.

పండగయ్యాక ఒక్కోదాన్ని పాత నూలుగుడ్డలో చుట్టి, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, గట్టిగా మూతపడే స్టీలు డబ్బాలో పెడతాను. ఏ ఏడు ఎవరు చేశారో వెనకవైపు పెన్సిలుతో రాసి ఉంటుంది.